మట్టివాసన కొవ్వొత్తి: ఎనిమిది నెలలు వాడాక

డబ్బా మీద రాసింది ఇదీ: "తొలకరికి తడిసిన ఎర్రమట్టి, వేపచిగురు, దూరంగా ఎక్కడో మల్లెతీగ". దూరంగా ఉన్న తీగని గాజుగ్లాసులో ఎలా పోశారబ్బా అని నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. మాది అనంతపురం వైపు, ఎండలు ముదిరాక పడే మొదటి వాన వాసనంటే ప్రాణం, హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని ఆ ఒక్క మాట కోసం ఆరు వందలు పెట్టేశాను.

మూత తీసి చూస్తే నిజంగానే బాగుంది. ఆ ఊపులోనే తమ్ముడికి ఫోన్ చేసి నువ్వూ కొనుక్కోరా అన్నాను. (కొన్నాడు. ఇప్పుడు ఆ సంగతి ఇద్దరం ఎత్తం.)

గొడవంతా వెలిగించాకే. ఒక సాయంత్రం హాల్లో పెట్టి వెలిగించి, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నా. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "ఏమ్మా, అబ్బాయి ఈ వేళప్పుడు గడ్డం గీసుకుంటున్నాడా?" అంది. మావారు అప్పటికి ఆఫీసు నుంచి రానేలేదు. అంతే, ఆ రోజు నుంచి నా ముక్కుకి కూడా షేవింగ్ క్రీమే తగులుతోంది, మట్టి లేదు, వేప లేదు.

తప్పులో నా వాటా కూడా ఉందిలెండి. మొదటిసారి వెలిగించినప్పుడు పైన మైనం గ్లాసు అంచుదాకా కరిగేవరకు ఉంచాలట, నేను ఇరవై నిమిషాలకే ఊదేశాను. దాంతో వత్తి చుట్టూ నుయ్యిలా గుంట పడి, మిగతా మైనం గాజుకి అంటుకుపోయింది. పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టి, మధ్యలో కంత ఉంచి రెండు గంటలు వెలిగిస్తే మళ్లీ సమానమైంది. వాసన కూడా పెరిగింది. షేవింగ్ క్రీము వాసనే.

పంతం పట్టి చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి వెళ్లి మిట్టీ అత్తర్, అంటే మట్టివాసన అత్తరు, చిన్న సీసా కొన్నాను. దీనికోసం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగిపాత్రల్లో నీళ్లతో కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తారు. మణికట్టు మీద రాస్తే ముందు ఏమీ అనిపించలేదు, బస్సెక్కాక మెల్లగా కొత్తకుండలో నీళ్లు పోసినప్పటి వాసన వచ్చింది. అసలు తడిమట్టి వాసనలో ముఖ్యమైనది జియోస్మిన్ అనే పదార్థం, మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి, మన ముక్కు దాన్ని ట్రిలియన్‌లో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది. బీట్‌రూట్‌లో వచ్చే మట్టివాసనా అదే, మావారు ఆ కూర ముట్టనిది అందుకే. కొవ్వొత్తిలో దాన్ని వేశారో లేదో గానీ, దానిమీద "ఫ్రెష్"గా ఉండాలని ఇంకేదో బాగా గుమ్మరించారని నా అనుమానం.

అదే కంపెనీ నిమ్మగడ్డి కొవ్వొత్తి మీద వర్ణనేమీ లేదు, పేరొక్కటే ఉంది, వాసన కూడా అచ్చం అదే. మొదట్లో దాన్ని తెగ పొగిడాను కానీ రెండు నెలలయ్యాక దగ్గరికెళ్తేనే తెలుస్తోంది.

మా గది చిన్నది, ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, పైగా నాకు చలికాలంలో సైనస్. తలుపులు మూసి ఏసీ వేసుకునేవాళ్లకి వేరేలా అనిపించొచ్చు. మట్టిది ఇప్పుడు వెలిగించకుండా మూత తీసి చీరల బీరువాలో పెట్టాను, అక్కడ బాగానే ఉంది. మళ్లీ కొనాల్సొస్తే నిమ్మగడ్డిది కొంటానేమో, అదీ ఆఫర్‌లో వస్తే. మట్టివాసనకైతే అత్తర్ ఇంకా సగం సీసా ఉంది.