వీఎస్ కోడియం రివ్యూ: మైక్రోసాఫ్ట్ షరతులు లేని వీఎస్ కోడ్ ఎలా ఉంది?

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏ ఆఫీసులో చూసినా, అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్‌లో కూర్చున్నా, కోడింగ్ చేసేవాళ్ల స్క్రీన్ మీద ఎక్కువగా కనిపించేది వీఎస్ కోడే, అంటే కోడ్ రాసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎడిటర్. అది బాగుంటుంది, అందులో అనుమానం లేదు. నేను మాత్రం చాలాకాలంగా దాని బదులు వీఎస్ కోడియం వాడుతున్నాను, ఆఫీసు పనికీ సొంత ప్రాజెక్టులకీ. ఎందుకు మారావని అడిగిన ప్రతివాళ్లకీ ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

ముందు అసలు తిరకాసు ఎక్కడుందో చెప్తాను. వీఎస్ కోడ్ ఓపెన్ సోర్స్ అని అందరూ అంటారు గానీ అది సగమే నిజం. 2015 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాని సోర్స్ కోడ్‌ని ఎంఐటీ అనే ఉదారమైన లైసెన్స్ కింద, కోడ్ పంచుకునే గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టింది, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ మనం వాళ్ల సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ప్రోగ్రామ్‌కి ఆ లైసెన్స్ వర్తించదు. అదే కోడ్‌కి తన పేరు, లోగో, టెలిమెట్రీ (మన వాడకం వివరాలు కంపెనీకి పంపే ఏర్పాటు), ఇంకొన్ని సెట్టింగులు కలిపి, దాని మీద తన సొంత లైసెన్స్ పెట్టి కంపెనీ ఇస్తుంది. వీఎస్ కోడియం వెనకున్నది కొందరు వలంటీర్లు. వాళ్లు ఆ ఓపెన్ కోడ్‌నే తీసుకుని, కంపెనీ కలిపినవేవీ లేకుండా, టెలిమెట్రీ ఆపేసి, ఎంఐటీ లైసెన్స్‌తోనే బిల్డ్ చేసి ఇస్తారు. మిగతాదంతా మక్కికి మక్కి అదే ఎడిటర్.

ఇన్‌స్టాల్ చేయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉబుంటు, విండోస్, మ్యాక్ అన్నిటికీ ప్యాకేజీలున్నాయి. టెర్మినల్‌లో ఇంతకుముందు కోడ్ అని కొట్టేవాళ్లు ఇప్పుడు కోడియం అని కొట్టాలి, అంతే. పాత సెట్టింగుల ఫైలు, కీబోర్డ్ షార్ట్‌కట్ల ఫైలు కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే థీమ్ దగ్గర్నుంచి ఫాంట్ సైజు దాకా అన్నీ యథాతథంగా వచ్చేస్తాయి. సెట్టింగులను కంప్యూటర్ల మధ్య ఒకేలా ఉంచే సెట్టింగ్స్ సింక్ మాత్రం రాదు, అది మైక్రోసాఫ్ట్ సర్వర్లతో ముడిపడిన సదుపాయం.

తేడా తెలిసేది ఎక్స్‌టెన్షన్ల దగ్గర, అంటే ఎడిటర్‌కి కొత్త సదుపాయాలు కలిపే చిన్న ప్రోగ్రాముల దగ్గర. మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నియమాల ప్రకారం అక్కడి ఎక్స్‌టెన్షన్లను ఆ కంపెనీ సొంత ఎడిటర్లలోనే వాడాలి. అందుకని కోడియం ఓపెన్ వీఎస్ఎక్స్ అనే వేరే రిజిస్ట్రీ వాడుతుంది, దాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్ నడుపుతోంది. అక్కడ చాలావరకు దొరుకుతాయి, కానీ రోజూ చేతికి అలవాటైనవి కొన్ని దొరకవు. పైథాన్ కోడ్ రాసేటప్పుడు తప్పులు చూపి సాయపడే పైలాన్స్ లేదు, సర్వర్‌లోకి వెళ్లి పని చేసుకునే రిమోట్ ఎస్ఎస్‌హెచ్ లేదు, ఇద్దరు కలిసి ఒకే కోడ్ మీద పని చేసుకునే లైవ్ షేర్ లేదు. ఇవన్నీ ఓపెన్ సోర్స్ కావు, కంపెనీ ఆస్తి. ఫ్లాటు మన పేరు మీదే రిజిస్టరై ఉండి, లిఫ్టూ మంచినీళ్ల మోటారూ గేటు తాళాలూ మాత్రం బిల్డర్ దగ్గరే ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఇది.

పైలాన్స్ బదులు నేను బేస్డ్‌పైరైట్ వాడుతున్నాను. పైలాన్స్ లోపల ఉన్నది కూడా పైరైట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామే, దాన్ని కొందరు తీసుకుని పెంచిన రూపమే ఇది. ఎఫ్12 కొడితే ఫంక్షన్ ఎక్కడ రాశారో అక్కడికి తీసుకెళ్తుంది, పేరు మారిస్తే అన్ని ఫైళ్లలోనూ మారుస్తుంది. మొదట్లో ఒక ఇబ్బంది ఉంటుంది, మామూలుగా రాసిన పాత కోడ్‌లో కూడా బోలెడు హెచ్చరికలు చూపిస్తుంది, ఎందుకంటే దాని డిఫాల్ట్ చెకింగ్ చాలా కఠినం. సెట్టింగుల్లో టైప్ చెకింగ్‌ని స్టాండర్డ్‌కి మారిస్తే గోల తగ్గుతుంది. సి++ వాళ్లకి ఇలాంటి పనే చేసే క్లాంగ్‌డీ ఉంది, అదైతే నాకు మైక్రోసాఫ్ట్ దానికంటే మెరుగ్గానే అనిపించింది. రిమోట్ పనికి ఓపెన్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్ అని ఒకటుంది, పని జరుగుతుంది గానీ అసలు దానంత సాఫీగా కాదు.

టీమ్‌లోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు అడుగుతారు, "అన్నా, ఫ్రీగా ఇస్తున్నారు కదా, బాగా పని చేస్తోంది కదా, ఇంకెందుకీ తిప్పలు" అని. అడగాల్సిన ప్రశ్నే. వాళ్లకి నేను 2025 ఏప్రిల్‌లో జరిగింది చెప్తాను. అప్పటిదాకా మైక్రోసాఫ్ట్ సి, సి++ ఎక్స్‌టెన్షన్ ఇతర ఎడిటర్లలోనూ నడిచేది. వద్దనే షరతు లైసెన్స్‌లో ముందునుంచే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. కర్సర్ లాంటి ఏఐ ఎడిటర్లు వీఎస్ కోడ్ మీదే కట్టి పోటీకి వచ్చాక, కొత్త వెర్షన్‌తో ఆ ఎక్స్‌టెన్షన్ వాటిలో పని చేయడం ఆగిపోయింది, కోడియంలో కూడా. కంపెనీ నియమం తప్పిందని నేననను, నియమం దానిదే. కానీ రెండు కంపెనీల పోటీ మధ్యలో ఎవరికీ పోటీ కాని వలంటీర్ల ప్రాజెక్టు నలిగింది, నాకు బాధ కలిగించేది అదే.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ అపనమ్మకం ఊరికే పుట్టింది కాదని తెలుస్తుంది. 2001లో అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చారు. అదే కంపెనీ 2016లో లైనక్స్ ఫౌండేషన్‌లో చేరింది, 2018లో 750 కోట్ల డాలర్లకి గిట్‌హబ్‌ని కొంది. గిట్‌హబ్‌తో పాటు ఆటమ్ ఎడిటర్ కూడా దాని చేతికి వచ్చింది. వీఎస్ కోడ్‌కి పునాది అయిన ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టిందే ఆటమ్ కోసం, ఆ ఆటమ్‌ని 2022 డిసెంబరులో మూసేశారు. మైక్రోసాఫ్ట్ ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. ఐబీఎం చేతికి వచ్చిన రెడ్‌హ్యాట్ కంపెనీ, సెంటోస్ 8 అనే ఉచిత లైనక్స్‌ని 2029 దాకా నడుపుతామని చెప్పి, 2021 చివరికే ఆపేసింది. ఒరాకిల్ సన్ అనే కంపెనీని కొన్నాక, దాని ఓపెన్ ఆఫీస్ మీద పని చేస్తున్నవాళ్లే 2010లో విడిపోయి లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టాల్సి వచ్చింది.

అలాగని కంపెనీల్లో ఉన్నవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు. మైక్రోసాఫ్ట్ గచ్చిబౌలి క్యాంపస్‌లో పని చేసే మిత్రులు నాకున్నారు, ఓపెన్ సోర్స్ మీద వాళ్లకున్న ప్రేమ నిజమైనదే. ఏఐతో కోడ్ గురించి మాట్లాడే కోపైలట్ చాట్ ఎక్స్‌టెన్షన్ కోడ్‌ని 2025లో ఎంఐటీ కింద బయటపెట్టారు, అది మంచి పనే, మెచ్చుకోవాలి. నేను చూసేదల్లా రేపు పైవాళ్ల నిర్ణయం మారితే నా చేతిలో ఏం మిగులుతుందని. ఎడిటర్ కోడ్ మిగులుతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. దాని చుట్టూ అల్లినవి మిగలవు. అందుకే ఆ చుట్టూ ఉన్నవాటికి ఇప్పటినుంచే వేరే దారి అలవాటు చేసుకుంటున్నాను.

కోడియం వాడితే అంతా భద్రమే అనుకోవద్దు. ఎడిటర్ టెలిమెట్రీ ఆగినా కొన్ని ఎక్స్‌టెన్షన్లు తమ టెలిమెట్రీ తాము పంపుతాయి, ఒక్కో దాని సెట్టింగు చూసుకోవాలి. 2025 అక్టోబరులో ఓపెన్ వీఎస్ఎక్స్‌లోనే గ్లాస్‌వార్మ్ అనే మాల్వేర్ ఉన్న ఎక్స్‌టెన్షన్లు బయటపడ్డాయి. కాబట్టి ఎక్స్‌టెన్షన్ వేసేముందు ఎవరు పెట్టారో, దాని సోర్స్ ఎక్కడుందో చూడండి.

పైథాన్, జావాస్క్రిప్ట్, గో, రస్ట్ రాసేవాళ్లు కళ్లు మూసుకుని మారిపోవచ్చు, కొంప మునిగేదేం లేదు. డాట్‌నెట్ వాళ్లు కాస్త ఆలోచించండి, మైక్రోసాఫ్ట్ డీబగ్గర్ (కోడ్‌లో తప్పులు వెతికే సాధనం) లైసెన్స్ దాని సొంత ఎడిటర్లకే పరిమితం, బదులుగా శాంసంగ్ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన నెట్‌కోర్‌డీబీజీ వాడాలి, దాన్ని సెట్ చేసుకోవడానికి ఓపిక కావాలి. అమీర్‌పేటలో కోర్సులు చెప్పేవాళ్లని, ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబులు చూసుకునేవాళ్లని ఒకటి అడుగుతాను: మొదటిరోజు ఎడిటర్ ఇన్‌స్టాల్ చేయించేటప్పుడు ఇది కూడా ఉందని పిల్లలకి చూపించండి, వాడాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. నా రేటింగ్ ఐదుకి నాలుగు, తగ్గించిన ఆ ఒక్కటీ రిమోట్ పని కోసం.