న్యూజీలాండ్ సౌత్ ఐలండ్‌లో క్యాంపర్‌వ్యాన్: ఎక్కడ పడుకుంటే డబ్బు గిట్టుబాటవుతుంది?

న్యూజీలాండ్‌లో క్యాంపర్‌వ్యాన్, అంటే లోపలే మంచాలు, పొయ్యి ఉండే బండి, అద్దెకు తీసుకుందామనుకునేవాళ్ళు ముందు ఒక లెక్క వేసుకోవాలి. ప్రతి రాత్రీ ఊళ్ళో ఉన్న హాలిడే పార్కులోనే, అంటే డబ్బు కట్టి వ్యాన్లు నిలుపుకునే చోటే, వ్యాన్ నిలిపేట్టయితే, మామూలు కారు, మోటెల్ గది తీసుకోవడమే నయం. ఖర్చులో పెద్ద తేడా ఉండదు, సుఖం ఎక్కువ. వ్యాన్ అద్దెకు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది హోటల్ లేని చోట పడుకున్నప్పుడే. మంచుకొండ కింద, అడవి మధ్య, టూరిస్టు బస్సులు రాకముందే అక్కడ ఉండగలగడమే వ్యాన్ ఇచ్చే లాభం. మేము మా అమ్మనీ, నాలుగేళ్ళ పాపనీ తీసుకుని క్రైస్ట్‌చర్చ్‌లో బయలుదేరి మళ్ళీ అక్కడికే వచ్చేలా సౌత్ ఐలండ్ చుట్టాం. ప్రతి చోటునీ ఈ లెక్కతోనే తూచి చెప్తాను.

న్యూజీలాండ్‌లోని నార్త్, సౌత్ ఐలండ్ రెండు దీవులూ చూసేయాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. రెండు వారాల సెలవుంటే సౌత్ ఐలండ్ ఒక్కటే పెట్టుకోండి. దాని విస్తీర్ణం సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త తక్కువ. నార్త్ ఐలండ్ కూడా కలుపుకుంటే వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కి ఫెర్రీ ప్రయాణమే మూడున్నర గంటలు. వ్యాన్ పొడవును బట్టి టికెట్ పెరుగుతుంది, ఓడ ఎక్కడం దిగడంతో దాదాపు రోజంతా పోతుంది. మ్యాప్ మూడు గంటలు అని చూపిస్తే వ్యాన్‌కి నాలుగు వేసుకోండి. హైవే మీద వేగ పరిమితి గంటకి 100 కిలోమీటర్లే అయినా, మూడున్నర టన్నులు దాటిన బండికి 90. పైగా మలుపులు, ఎత్తు రోడ్లు, ఫొటో కోసం ఆగడాలు ఎలాగూ తప్పవు.

డ్రైవింగ్ విషయంలో మనవాళ్ళకు పెద్ద ఊరట ఉంది. అక్కడా ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. కొత్తగా నేర్చుకోవలసింది ఒక బండే పట్టే వంతెనల సంగతి. వెస్ట్ కోస్ట్‌లో అవి చాలా ఉన్నాయి. మన దిశకు చిన్న ఎర్ర బాణం గీసిన గుండ్రటి బోర్డు ఉంటే ఆగి ఎదుటివాళ్ళకు దారి ఇవ్వాలి. నీలం బోర్డు మీద పెద్ద తెల్ల బాణం మనవైపు ఉంటే వంతు మనది. వెనక కార్లు పోగైతే పక్కన ఉన్న జాగాలోకి తప్పుకుని వాళ్ళని పోనివ్వాలి. అక్కడివాళ్ళు దీన్ని చాలా పట్టించుకుంటారు, అది న్యాయమే.

వ్యాన్ ఎంచుకునేటప్పుడు ఆరుగురికి అని రాసి ఉంటే నలుగురికి సరిపోతుందని అర్థం చేసుకోండి. డ్రైవర్ సీటు పైన ఉండే మంచానికి చిన్న నిచ్చెన ఎక్కాలి. పెద్దవాళ్ళకు అది కుదరదు, రాత్రి బాత్రూమ్‌కి లేవాలంటే ఇంకా కష్టం. అమ్మకీ పాపకీ వెనక మంచం ఇచ్చి మేమిద్దరం పైన పడుకున్నాం. ఏడేళ్ళలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. వ్యాన్‌లో అన్ని సీట్లకీ అది బిగదు కాబట్టి బుకింగ్ అప్పుడే అడిగి ఖాయం చేసుకోవాలి.

టాయిలెట్ వ్యాన్‌లోనే బిగించి ఉన్న బండినే తీసుకోండి. 2023లో వచ్చిన చట్టం ప్రకారం, సెల్ఫ్ కంటెయిన్డ్, అంటే బయటి సదుపాయాలు లేకుండా గడపగలిగే బండి, అనిపించుకోవాలంటే టాయిలెట్ స్థిరంగా బిగించి ఉండాలి, బండికి గ్రీన్ వారెంట్ కార్డు ఉండాలి. ఉచితంగా రాత్రి ఆగనిచ్చే చాలా చోట్ల ఆ కార్డు చూస్తారు. లేకుండా ఆగితే జరిమానా వందల న్యూజీలాండ్ డాలర్లలో ఉంటుంది. ఉచితం అంటే ఎక్కడ పడితే అక్కడ అని కాదు. ఒక్కో స్థానిక కౌన్సిల్‌కి ఒక్కో నియమం, బోర్డు చదవకుండా ఇంజిన్ ఆపొద్దు. క్యాంపర్‌మేట్ యాప్‌లో ఉచిత స్థలాలు, టాయిలెట్ వ్యర్థాలు పారబోసే డంప్ స్టేషన్లు, నీళ్ళు దొరికే చోట్లు అన్నీ కనిపిస్తాయి.

ఆ టాయిలెట్ క్యాసెట్, అంటే కింద వ్యర్థాలు చేరే డబ్బా, ఖాళీ చేయడం గురించి మనవాళ్ళు మొహమాటపడి మాట్లాడరు. నలుగురు వాడితే అది ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది. చాలా ఊళ్ళలో డంప్ స్టేషన్లు ఉన్నాయి, ఎక్కువ శాతం ఉచితం. చేతికి గ్లవ్స్ వేసుకుంటే అయిదు నిమిషాల పని. ఆ పని ఎవరిదో బయలుదేరే ముందే ఇంట్లో మాట్లాడుకోండి, దారిలో గొడవ ఉండదు.

డబ్బు విషయంలో దాగి ఉండేవి మూడు. మొదటిది ఇన్సూరెన్స్. మామూలు ప్లాన్‌లో ఏదైనా దెబ్బ తగిలితే మన వాటా వేల డాలర్లలో ఉంటుంది, ఆ మొత్తాన్ని కార్డు మీద ముందే ఆపి ఉంచుతారు. రోజుకి కొంత ఎక్కువ కట్టి ఆ వాటాను సున్నా చేసుకోవడం మంచిది. అప్పుడు కూడా పైకప్పుకి, బండి అడుగు భాగానికి తగిలిన దెబ్బలు కలుస్తాయో లేదో అడగాలి. రెండోది డీజిల్ బండ్లకు కిలోమీటర్ల లెక్కన వేసే రోడ్డు పన్ను. అద్దె ధరలో కలిపి లేకపోతే చివర్లో బిల్లు వేస్తారు. మూడోది బండికి అనుమతి లేని రోడ్లు. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్డు దాదాపు ఏ ఒప్పందంలోనూ కవర్ కాదు.

మాకు వ్యాన్ అప్పగించినవాళ్ళు హడావుడిగా చుట్టూ ఒకసారి తిప్పి తాళాలు చేతిలో పెట్టేశారు. గ్యాస్ హీటర్ ఎలా వేయాలో చెప్పనే లేదు. తెకాపో సరస్సు దగ్గరి చలిలో ఆ రాత్రి పాపకి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసి పడుకోబెట్టాం. వాళ్ళు చూపించే ప్రతిదీ ఫోన్‌లో వీడియో తీయండి, హీటర్ మీ చేత్తో ఒకసారి వేసి చూపించమని అడగండి. తలుపు తీసేటప్పుడు ఒక చేత్తో గట్టిగా పట్టుకోవడం కూడా అలవాటు చేసుకోవాలి. కాంటర్‌బరీ మైదానంలో గాలి లాగితే తలుపు మడతబందులు విరిగిపోతాయి.

లేక్ తెకాపోలో హాలిడే పార్కులో దిగాం. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి దగ్గర పగలంతా జనమే. దానికంటే రాత్రి ఆకాశం ముఖ్యం. ఆ ప్రాంతమంతా 2012 నుంచి అంతర్జాతీయ డార్క్ స్కై రిజర్వ్, వీధి దీపాలకు కూడా నియమాలున్నాయి. వ్యాన్ దీపాలు ఆర్పి బయటికొస్తే చాలు, పాలపుంత, మనకు ఇంటి దగ్గర కనిపించని మెగెలానిక్ మేఘాలు, అంటే మేఘాల్లా కనిపించే రెండు చిన్న నక్షత్రమండలాలు, కనిపించాయి. ఇక్కడ ఒక రాత్రి చాలు.

మొత్తం ప్రయాణంలో వ్యాన్‌కి పెట్టిన ప్రతి రూపాయీ గిట్టిందనిపించిన చోటు వైట్ హార్స్ హిల్. అది అయోరాకి మౌంట్ కుక్ నేషనల్ పార్కులో పరిరక్షణ శాఖ, అంటే డాక్, నడిపే క్యాంప్‌సైట్. కరెంటు ఉండదు. టాయిలెట్లు, నీళ్ళు ఉంటాయి, అంతే. కానీ 3,724 మీటర్ల శిఖరమున్న లోయలో, హిమానీనదాల కింద పడుకుంటాం. రాత్రి మంచు దిబ్బలు విరిగిపడే చప్పుడు పెద్ద ఉరుములా వినిపించింది. అమ్మ నిద్రలోంచి లేచి కూర్చుంది. అదేమిటో చెప్పాక, తెల్లారేదాకా కిటికీ దగ్గరే ఉండిపోయింది. అదే పార్కులో టాస్మన్ హిమానీనదం చూడడానికి చిన్న మెట్లదారి ఉంది, ఆగుతూ ఆగుతూ అమ్మ కూడా ఎక్కింది. వేసవిలో ఈ క్యాంప్‌సైట్‌కి బుకింగ్ నియమాలు డాక్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి. దారిలో పుకాకి సరస్సు ఒడ్డున కనీసం ఒక భోజనానికైనా ఆగండి. హిమానీనదాలు అరగదీసిన సన్నటి రాతిపొడి నీళ్ళలో తేలడం వల్లే ఆ పాలనీలం రంగు.

కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్‌ఫర్డ్ సౌండ్‌ని చాలామంది క్వీన్స్‌టౌన్ నుంచి బస్సులో ఒక్క రోజులో చూసొస్తారు. పోను దాదాపు 290 కిలోమీటర్లు, రాను అంతే. పిల్లలతో ఇది నేను వద్దంటాను. టె అనౌ ఊళ్ళో ట్యాంకు నింపుకుని, సామాన్లు కొనుక్కుని, మిల్‌ఫర్డ్ రోడ్డు మీద క్యాస్కేడ్ క్రీక్ డాక్ క్యాంప్‌సైట్‌లో రాత్రి ఆగితే పొద్దున్నే బస్సుల కంటే ముందు హోమర్ టన్నెల్ దాటొచ్చు. మొదటి పడవలో తీరిగ్గా కూర్చున్నాం. వాన పడింది, అది అదృష్టమే. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వర్షం పడే చోటు అది, వాన పడితేనే కొండ కొండకీ జలపాతాలు దిగుతాయి. మిల్‌ఫర్డ్‌లోనే పడుకోవాలంటే అక్కడి లాడ్జ్‌లో క్యాంపర్‌వ్యాన్ స్థలాలున్నాయి, ధర ఎక్కువ, నెలల ముందే నిండిపోతాయి. టన్నెల్ దగ్గర కియా చిలకలు వస్తాయి. బండి రబ్బరు పట్టీలు పీకేస్తాయి, వాటికి తిండి పెట్టకూడదు.

ఇక శాండ్‌ఫ్లైలు, అంటే కుట్టి రక్తం పీల్చే చిన్న ఈగలు. మిల్‌ఫర్డ్ ఉన్న ఫియోర్డ్‌లాండ్‌లో, వెస్ట్ కోస్ట్‌లో ఇవి దోమల కంటే ఘోరం. మనుషులు ఆ అందానికి మైమరచి అక్కడే ఉండిపోకూడదని హినెనుయిటెపో దేవత వీటిని వదిలిందని అక్కడి మూలవాసులైన మావోరీల కథ. సాయంత్రం తలుపు మూసే ఉంచాలి, పూసుకునే మందు అక్కడి ఫార్మసీలోనే కొనండి.

క్వీన్స్‌టౌన్‌లో పెద్ద వ్యాన్‌కి పార్కింగ్ దొరకదు, ట్రాఫిక్‌తో టెన్షన్ తప్ప ఏమీ లేదు. దగ్గర్లోని యారోటౌన్ హాలిడే పార్కులో బండి పెట్టేసి క్వీన్స్‌టౌన్‌కి బస్సులో వెళ్ళాం. యారోటౌన్ 1860ల బంగారు వేట నాటి ఊరు, బంగారం కోసం వచ్చిన చైనావాళ్ళు ఉన్న చిన్న గుడిసెలు నది పక్కన ఇంకా ఉన్నాయి. నాకు క్వీన్స్‌టౌన్ కంటే అదే నచ్చింది.

హాస్ట్ పాస్ కనుమ మీదుగా వెస్ట్ కోస్ట్‌కి దిగాక ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అది చాలా వెనక్కి వెళ్ళిపోయింది, మంచు మీద కాలు పెట్టాలంటే ఇప్పుడు హెలికాప్టరే దారి. మబ్బు పడితే అదీ రద్దవుతుంది. బదులుగా ఫాక్స్ గ్లేసియర్ ఊరి దగ్గర లేక్ మాథెసన్‌కి తెల్లవారుజామున వెళ్ళండి. గాలి లేకపోతే శిఖరాలు నీళ్ళలో తిరగబడి కనిపిస్తాయి. ఆ చుట్టూ నడిచే దారి అమ్మకి కూడా తేలికగా సాగింది.

తిండి సంగతి. విమానాశ్రయంలో తినే వస్తువు ఏదున్నా ఫారంలో రాయాలి, రాయకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. పచ్చి కరివేపాకు, తేనె తీసుకెళ్ళొద్దు. పప్పులు, మసాలాలు, బియ్యం క్రైస్ట్‌చర్చ్‌లోని ఇండియన్ దుకాణాల్లో దొరుకుతాయి. కరెంటు కనెక్షన్ ఉన్న స్థలంలో తప్ప రైస్ కుక్కర్ పనిచేయదు, గ్యాస్ పొయ్యి మీద పెట్టే చిన్న ప్రెజర్ కుక్కర్ ఉంటే మంచిది. వ్యాన్‌లో పోపు పెడితే స్మోక్ అలారం మోగుతుంది, పరుపులకు వాసన పడుతుంది. అందుకే రెండు రాత్రులు డాక్ సైట్లు, తర్వాతి రాత్రి హాలిడే పార్కు అన్న క్రమం మాకు బాగా నడిచింది. పార్కుల్లో కరెంటు ఉన్న స్థలానికి పెద్దవాళ్ళకు ఒక్కొక్కరికి సుమారు 25 నుంచి 35 డాలర్లు. వేడి నీళ్ళ స్నానం, వాషింగ్ మెషిన్, పెద్ద వంటగది అన్నీ అక్కడే. పోపులూ, రెండు రోజులకు సరిపడా చారూ ఆ వంటగదిలోనే చేసుకునేవాళ్ళం.

ఇక కాలం. మేము మార్చిలో వెళ్ళాం. వాళ్ళ బడి సెలవులు అయిపోయి రద్దీ తగ్గింది, పగలు ఇంకా పొడుగ్గానే ఉంది. డిసెంబరు, జనవరిలో అద్దెలు బాగా పెరుగుతాయి. మన వేసవి సెలవులు వాళ్ళకు చలికాలపు వాకిలి కాబట్టి, చిన్న పిల్లలతో వ్యాన్‌లో మే నెల నేను సిఫారసు చేయను. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళకు దసరా సెలవులు కుదురుతాయి. అది వాళ్ళకు వసంతం, కొండల మీద మంచు ఇంకా నిండుగా ఉంటుంది. అయితే మే నుంచి నవంబరు దాకా మిల్‌ఫర్డ్ రోడ్డు మీద టైర్ చెయిన్లు దగ్గర ఉంచుకోవాలి, మంచు జారే ప్రమాదంతో రోడ్డు మూసేసే రోజులూ ఉంటాయి. దసరాకి వెళ్ళేవాళ్ళు ఆ రోడ్డుకి ఒక రోజు అదనంగా పెట్టుకోండి.