మెంఫిస్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా: తుపాకీ కౌంటర్లు ఎక్కడ మిగిలాయి?

అమెరికాలో జింకల వేటకు మిజోరీ వెళ్తూ, దారిలో ఏదో ఒక పెద్ద స్పోర్ట్స్ దుకాణంలో రైఫిల్ తీసుకుందామనుకునే రోజులు పోయాయి. డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్‌ను లెక్కలోంచి తీసేయండి. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ బడిలో కాల్పుల తరువాత ఏఆర్-15 తరహా (సైనిక తుపాకీ నమూనా సెమీఆటోమేటిక్) రైఫిళ్ళు పూర్తిగా ఆపేసింది. 2019లో 125 దుకాణాల్లో, మరుసటి ఏడు ఇంకో 440 చోట్ల వేట విభాగాన్నే ఎత్తేస్తామంది. అప్పటికే ఆ విభాగంలో అమ్మకాలు తగ్గాయి, అదే జాగాలో వేరే సరుకు పెడితే ఎక్కువ మిగులుతుంది. కాబట్టి ఆ అరలు తిరిగొస్తాయని ఎదురుచూడటం దండగ.

వాల్‌మార్ట్ తూటాలకు పనికొస్తుంది, తుపాకులు మాత్రం కొన్ని దుకాణాల్లోనే, అవీ వేట రైఫిళ్ళు, షాట్‌గన్‌లే. పిస్తోళ్ళు 1993లోనే ఆగాయి, అలాస్కాలో మాత్రం 2019లో. ఏఆర్ రకాలు 2015లో ఆగాయి. టెక్సస్‌లో ఎల్ పాసోలోని తన దుకాణంలో కాల్పుల తరువాత 2019లో పిస్తోలు తూటాలు, ఏఆర్ రకాల్లో వాడే .223 తూటాలు కూడా ఆపుతామంది. జింకకు వాడే .308, .30-06 తూటాలకు ఆ నిర్ణయం వర్తించలేదు.

మెంఫిస్‌లో వేట, చేపలవేట సామగ్రి అమ్మే బాస్ ప్రో సంస్థ పిరమిడ్ ఆకారపు దుకాణం వేరే లోకం. దుకాణం లోపలే బిగ్ సైప్రస్ లాడ్జ్ హోటల్ ఉంది. ఖరీదైనదే, కానీ రాత్రి నింపాదిగా తుపాకులు చూసి పొద్దున్నే బయల్దేరొచ్చు. చాలా గదుల బాల్కనీలు దుకాణంలోకే చూస్తాయి, సందడి పడనివాళ్ళు బుక్ చేసేటప్పుడే చెప్పాలి. అక్కడినుంచి కారులో సుమారు నాలుగున్నర గంటలు వెళ్తే స్ప్రింగ్‌ఫీల్డ్. బాస్ ప్రో పుట్టిన ఊరు, అసలు దుకాణమూ అక్కడే. పైఅంతస్తులోని పాత తుపాకుల మ్యూజియం కోసమైనా ఒక పూట కేటాయించాలి. అయితే ఇలాంటి సరుకే అమ్మే పోటీ సంస్థ క్యాబెలాస్‌ను 2017లో బాస్ ప్రో కొనేసింది. ఒకచోట లేని మోడల్ రెండోచోట ఉంటుందని తిరగడంలో ఇప్పుడు పెద్ద లాభం లేదు. ఎడమచేతివాళ్ళ బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో గడియ లాగేది) కావాలంటే మరీ కష్టం. అలాంటిది ఆన్‌లైన్‌లో కొని, తుపాకులు అమ్మే లైసెన్స్ ఉన్న చిన్న దుకాణానికి తెప్పించుకోవాలి. అక్కడ బదిలీ రుసుము ఎంతో ముందే అడగండి.

ఎక్కువమంది ప్రయాణం చెడేది కాగితాల దగ్గర. తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో రాసే చిరునామా డ్రైవింగ్ లైసెన్స్ మీద ఉన్నదే కావాలి. ఇల్లు మారితే, కొత్త చిరునామా ఉన్న వాహన రిజిస్ట్రేషన్ లాంటి ప్రభుత్వ పత్రం వెంట తీసుకెళ్ళాలి. ఎఫ్‌బీఐ తనిఖీలో 'డిలే' (ఇంకా తేలలేదు) వస్తే, 'ప్రొసీడ్' (అమ్మొచ్చు) అనే జవాబు రానంతవరకూ మూడు పనిదినాలు ఆగాల్సిందే. ఆ తరువాత చట్టం అడ్డు చెప్పకపోయినా, వాల్‌మార్ట్ మాత్రం 'ప్రొసీడ్' వచ్చేదాకా ఇవ్వదు. వేటకు ముందు శుక్రవారం సాయంత్రం కొనడం అందుకే తప్పు. కనీసం రెండు వారాల ముందు కొనండి. పిస్తోలైతే సొంత రాష్ట్రంలోనే తీసుకోవాలి. రైఫిల్, షాట్‌గన్ వేరే రాష్ట్రపు దుకాణంలోనూ కొనొచ్చు, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే.

మనవాళ్ళకు ముఖ్యమైన మాట ఇంకొకటి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఫెడరల్ నిబంధనలు పౌరులకున్నట్టే. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవారు మామూలుగా తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. ఆ లైసెన్స్‌తో పాటు ఐ-94 (అమెరికాలో ప్రవేశ రికార్డు) నంబరు దగ్గర పెట్టుకున్నాకే కౌంటర్ దగ్గరికి వెళ్ళండి.