ఫైర్ లైన్ పనికి ఐదు గిన్నెల క్యారియర్: ఒక ఎండాకాలం వాడాక

స్టీల్ సామాన్ల కొట్టులో కిలో లెక్కన తూచి ఇచ్చిన మామూలు క్యారియర్ ఇది, కంపెనీ పేరేం లేదు. ఖాళీదే రెండు కిలోల పైన తూగింది. ఫిబ్రవరిలో కొన్నాను, మే ఆఖరి దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో, మన్ననూరు వైపు ఫైర్ లైన్ పనికి రోజూ మోశాం.

ఫైర్ లైన్ అంటే తెలియనివాళ్లకు: అడవిలో పట్టీలా గడ్డి కోసి, రాలిన ఆకులు ఊడ్చి, గాలి లేని పొద్దుటి పూట దగ్గరుండి కాల్చేస్తాం. ఎండాకాలం ఎక్కడైనా మంట లేస్తే కాలడానికి ఏమీ లేక అక్కడ ఆగుతుంది. కాల్చాక పొగ పూర్తిగా ఆరేదాకా ఇద్దరైనా అక్కడే నిలబడాలి, ఎంత ఆకలేసినా సరే.

ముందు ఎవరి సద్ది వాళ్లు ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చుకునేవాళ్లం. కోతులు మూత కొరికి ఎత్తుకుపోయేవి, కవర్లు పడేస్తే జింకలు మింగుతాయని భయం. అన్నిటికంటే బాధ ఏంటంటే, కాపలా ఉన్న ఇద్దరూ తర్వాత వచ్చి ఒంటరిగా చల్లారిన అన్నం తినడం. ఇప్పుడు మేం ఏడుగురం, అందులో నలుగురు చెంచులు, పొద్దున కలిసే చోటే ఐదిళ్ల కూరలు ఐదు గిన్నెల్లో పోసేస్తాం, మిగతా ఇద్దరూ అన్నం, జొన్న రొట్టెలు మూట కట్టుకొస్తారు. తినేటప్పుడు ముందు పై గిన్నె ఖాళీ చేసి అందులో కాపలావాళ్ల వంతు తీసి మూత పెడతాం, తర్వాతే మాకు వడ్డన. మొదటి రోజు నేను తొందరపడి చెయ్యి పెట్టబోతే మాతో పనిచేసే పెద్దాయన "ఆగు బిడ్డా, మంట కాడ ఉన్నోళ్లది ముందు తీయి" అన్నాడు. అప్పటి నుంచి అదే పద్ధతి. ఏప్రిల్‌లో ఆయన ఇంటి నుంచి వచ్చే చింతచిగురు పప్పు కోసమైనా ఈ క్యారియర్ కొనొచ్చు అనిపిస్తుంది నాకు.

లోపాలు ఉన్నాయి. గొళ్లెం ఒక్క వైపే ఉంది, మూడు కిలోమీటర్లు నడిచేసరికి వదులై పచ్చిపులుసు కింది గిన్నెలోని వంకాయ కూరలోకి కారింది. అప్పటి నుంచి పులుసు అట్టడుగు గిన్నెలో పోసి, క్యారియర్ చుట్టూ తువ్వాలు బిగించి కడుతున్నాం. వేడి అస్సలు నిలవదు, బయటి ఎండనూ ఆపదు, మార్చి దాటితే మధ్యాహ్నానికి పెరుగు పులిసిపోతుంది. తడి గుడ్డ చుట్టి నీడలో పెడితే కొంత నయం. పిడి సన్నది, నిండా ఉన్నప్పుడు వేళ్లు కోసుకుపోతాయి, దానికి పాత సైకిల్ ట్యూబ్ చుట్టాం.

తోమడం మాత్రం చాలా సుఖం. నీళ్లు మోసుకెళ్లిన క్యాన్లోవే, తాగడానికే చాలవు, అందుకని పూర్తిగా చల్లారిన లైన్లోంచి గుప్పెడు బూడిద తీసి రుద్ది చెంబుడు నీళ్లతో కడిగేస్తాం, జిడ్డు మిగలదు. సొట్టలు పడ్డాయి కానీ ఎక్కడా తుప్పు లేదు.

నాలుగు నక్షత్రాలు ఇస్తున్నా. ఎక్కువమంది కలిసి తినేవాళ్లు తప్పకుండా తీసుకోండి, కాకపోతే రెండు వైపులా గొళ్లెం ఉన్నదే అడగండి, కొట్లోనే గిన్నెల్లో నీళ్లు పోయించి ఓసారి వంచి చూడండి.