చెరువు కట్ట మీద రెండు చేతుల ఫ్లై రాడ్: మూడేళ్ల వాడకం తర్వాత

ఫ్లై రాడ్ అంటే ఫ్లై అనే తేలికపాటి ఎరబొమ్మను లైన్ బరువుతో విసిరే గాలపు కర్ర. ఈ రాడ్ పొడవు 11 అడుగులు, నంబరు 6 (ఎంత బరువు లైన్‌కి సరిపోతుందో చెప్పే అంకె), నాలుగు ముక్కలది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చెరువుల్లో మూడేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది లైన్ గురించే. రాడ్ మీది నంబరు చూసి లైన్ కొంటే డబ్బు దండగ. గ్రెయిన్లు (లైన్ బరువు చెప్పే చిన్న కొలత) చూసి కొనాలి.

ఒక చేత్తో విసిరే రాడ్లలో 6వ నంబరు లైన్ అంటే మొదటి 30 అడుగుల బరువు 160 గ్రెయిన్లు, సుమారు పదిన్నర గ్రాములు. రెండు చేతుల రాడ్ మీద కూడా అదే 6 ఉంటుంది. కానీ దానికి కావాల్సింది 400 గ్రెయిన్లకు అటూ ఇటూ, దాదాపు 26 గ్రాములు. ఇంట్లో ఉన్న పాత 6వ నంబరు లైన్ దీనికి ఎక్కిస్తే రాడ్ వంగనే వంగదు. తప్పు రాడ్‌ది కాదు.

ఈ రాడ్‌కి చివరికి కుదిరినవి రెండు హెడ్లు, అంటే లైన్ ముందుండే బరువైన భాగాలు. 400 గ్రెయిన్ల స్కాండి హెడ్ (పొడుగు రకం) ఒకటి, 33 అడుగులది, దాని ముందు 12 అడుగుల లీడర్ (ఫ్లై కట్టే సన్నటి దారం). 450 గ్రెయిన్ల స్కాజిట్ హెడ్ (పొట్టి, బరువైన రకం) ఇంకొకటి, 20 అడుగులది, దాని ముందు మునిగే టిప్ (కొసకు తగిలించే లైన్ ముక్క). టిప్ మీద టి-8 అని ఉంటే అడుగుకు 8 గ్రెయిన్లు. 10 అడుగుల ముక్క 80 గ్రెయిన్లు తూగుతుంది. స్కాజిట్‌కి రాసే 450లో ఈ టిప్ బరువు కలవదు, లెక్క వేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

పెట్టె మీద అంకెను గుడ్డిగా నమ్మొద్దు. నగల కొట్లో వాడే చిన్న డిజిటల్ తూకం ఒకటి ఉంటే చాలు. హెడ్‌ను చుట్టగా చుట్టి పెట్టి, వచ్చిన గ్రాములను 15.43తో హెచ్చిస్తే గ్రెయిన్లు వస్తాయి. ఒకటిన్నర గ్రాముల తేడా అంటే దాదాపు 23 గ్రెయిన్లు, చేతికి స్పష్టంగా తెలిసే తేడా అది.

బరువు తక్కువైతే నీటి మీద ఆనాల్సిన లైన్ కొస నిలవకుండా జారి వెనక్కి ఎగిరిపోతుంది, పై చేత్తో బలవంతంగా తోయాల్సి వస్తుంది. ఎక్కువైతే వెనక డి-లూప్ (విసిరే ముందు లైన్ వెనక D ఆకారంలో తిరిగే వంపు) కిందికి సాగి నీళ్లలో పడుతుంది, ముందుకు వెళ్లిన లైన్ కుప్పగా వాలుతుంది. స్కాజిట్ హెడ్ బరువెక్కువ అనిపిస్తే వెనక వైపు నుంచి కత్తిరించుకోవచ్చు. ఈ 450 హెడ్‌లో అడుగు తీస్తే సుమారు 22 గ్రెయిన్లు తగ్గుతాయి. ఒక్కో అరడుగే తీసి విసిరి చూడండి, కోసింది మళ్లీ అతకదు.

ఈ రాడ్ మన దగ్గర ఎందుకంటే కంపచెట్ల కోసం. కట్ట వెనక వాలు నిండా కంప ఉన్నచోట ఒంటి చేతి రాడ్‌తో వెనక్కి విసిరితే ప్రతి రెండోసారీ ఫ్లై ముళ్లలోనే. దీంతో లైన్ వెనక్కి పూర్తిగా చాచక్కర్లేదు, డి-లూప్‌కి చోటు దొరికితే చాలు. గాలి కుడి నుంచి వీస్తుంటే ఎడమ భుజం మీదుగా విసరాలి. మర్చిపోతే గాలం ముఖానికి వస్తుంది. వెనక ఖాళీగా ఉన్న చెరువైతే ఇంత ఖర్చు అనవసరం, 9 అడుగుల ఒంటి చేతి రాడ్ చాలు.

లోపం కూడా ఇక్కడే ఉంది. స్కాండి హెడ్‌తో లాక్కొస్తుంటే హెడ్ వెనక కొస రాడ్ మొనకు చేరేసరికి ఫ్లై ఇంకా 45 అడుగుల దూరంలో ఉంటుంది. జిలేబీ చేపలు తిరిగేదేమో గట్టు పక్కన. దగ్గరికి లాగితే హెడ్ గైడ్లలోకి (రాడ్ మీది రింగుల్లోకి) వచ్చేస్తుంది, మళ్లీ బయటికి తీయడానికి రెండు రోల్ కాస్టులు (లైన్‌ను వెనక్కి చాచకుండా ముందుకు దొర్లించే విసుర్లు) పడతాయి. అందుకే నిలవ నీటికి పొట్టి స్కాజిట్ నయం. స్కాండి పనికొచ్చేది వానలకు చెరువు నిండి మొరవ పోయేటప్పుడు, కింద పారే నీళ్లలో. కొరమీనుకి మాత్రం ఈ రాడ్ వద్దు. తామరాకుల మధ్య పది అడుగుల దూరంలో కప్పబొమ్మ వేయడానికి ఇంత పొడుగు అడ్డమే.

ఎండ సంగతి వేరే చెప్పాలి. ఈ హెడ్లు ఎక్కువగా చల్లటి నదుల కోసం చేసినవి. స్కాజిట్ అనే పేరే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు నదిది. మన మే నెల ఎండకు పూత మెత్తబడి గైడ్లకు అంటుకుంటుంది, విసురు సగానికి పడిపోతుంది. పూత ఉన్న రన్నింగ్ లైన్ (హెడ్ వెనక ఉండే సన్నటి లైన్) తీసేసి 30 పౌండ్ల మోనో (ఒంటి పోగు నైలాన్ దారం) వేశాక ఆ బాధ చాలావరకు తగ్గింది. మోనో ఉదయం చుట్టలు చుట్టలుగా వస్తుంది, చేతులతో గట్టిగా సాగదీస్తే సరి. లాగిన లైన్ కట్ట రాళ్ల సందుల్లో ఇరుక్కోకుండా అందులో పడేలా నడుముకు ఒక ప్లాస్టిక్ టబ్బు కట్టుకోండి. దోమల మందు రాసిన చేత్తో లైన్ ముట్టుకోవద్దు, పూత కరుగుతుంది. హెడ్లను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే నల్లటి జిడ్డు వదులుతుంది.

మూడేళ్లలో రాడ్‌కి వచ్చిన నష్టం ఒక్కటే, మూడో కీలు వదులైంది. ఇలా విసిరేటప్పుడు రాడ్ మెలి తిరుగుతుంది, ముక్కలు నెమ్మదిగా విడిపోతాయి. సగం ఊడిన కీలు మీద విసిరితే పగులుతుంది. ప్రతి కీలు లోపలికి దూరే కొసకు కొవ్వొత్తి మైనం పల్చగా రుద్ది, బిగించాక పైన కరెంటు టేపు రెండు చుట్లు వేయాలి. ఇంటికొచ్చాక టేపు అదే రోజు తీసేయండి. ఎండకు జిగురు కరిగి బ్లాంకుకు (రాడ్ కర్రకు) పట్టుకుంటే కిరోసిన్ గుడ్డతో గంట రుద్దాల్సి వస్తుంది.