సముద్రం కనిపించే గది, బాత్రూమ్ వెంటిలేటర్‌లోంచి

ముందు ఒక లెక్క. సముద్రానికి ఎదురుగా ఉండే గదికని మేము ఏజెంటుకు కట్టింది రాత్రికి రూ.6,500. మాకు ఇచ్చిన గది అద్దె రూ.3,400. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఆ హోటల్ గోడకు తగిలించిన బోర్డు మీదే రాసి ఉంది. రెండు రాత్రులకు తేడా రూ.6,200. దీనికి పూల పాన్పు పేరిట తీసుకున్న రూ.1,500 కలిపితే రూ.7,700. నా ఉద్యోగమే లెక్కలు చూడడం. అందుకే పెళ్లయిన పదిహేడో రోజున, అండమాన్‌లో, కొత్త చీర కట్టుకుని, నోట్‌పుస్తకంలో ఈ కూడిక వేసుకుంటూ కూర్చున్నాను.

మాఘంలో పెళ్లి, ఫాల్గుణం మొదట్లో ప్రయాణం. విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాళ్లు హనీమూన్‌కు మళ్లీ సముద్రం దగ్గరికే వెళ్లడం ఏమిటని మా చిన్నాన్న నవ్వాడు. కొండలైతే అరకులో చూశాం, చలి నాకు పడదు, పాస్‌పోర్టు మావారికి లేదు. మిగిలింది అండమానే. విశాఖ రేవు నుంచి ఓడలో పోదామని మావారికి చిన్నప్పటి నుంచి కోరికట. నెలకు ఒక ఓడ, దాదాపు మూడు రోజుల ప్రయాణం, రానూపోనూ ఆరు రోజులు నీటి మీదే. సెలవు పది రోజులు. ఆ కోరికను అప్పటికి మడిచి పెట్టెలో పెట్టాం.

ఏజెంటు ఆఫీసు ద్వారకానగర్‌లో. మావారి పెదనాన్నగారి అబ్బాయికి బడి స్నేహితుడు. మావారిని "తమ్ముడూ" అన్నాడు, నన్ను "చెల్లెమ్మా" అన్నాడు. చెల్లెమ్మా అన్నవాణ్ణి ఏ గది, ఏ వైపు, రాసివ్వు అని అడగడం ఎలా? అడగలేదు. ఆరు రాత్రుల ప్యాకేజీ ఇద్దరికీ రూ.68,000. చెన్నై మీదుగా విమాన టికెట్లు విడిగా రూ.31,840. కాగితం మీద అంతా ముచ్చటగా ఉంది. ఒక్క చోట మాత్రం సోమవారం సెల్యులార్ జైలు అని రాశాడు. సోమవారం ఆ జైలుకు సెలవు. అది చూపిస్తే "అరె, టైపింగులో పొరపాటు చెల్లెమ్మా" అని ఆదివారానికి మార్చాడు. బయటికి వచ్చాక ఈ మనిషికి ఆ ఊరు తెలుసా అని మెల్లగా అన్నాను. మావారు ముఖం ముడుచుకున్నారు. "ఒక్క తప్పుకే అనుమానమా?" అన్నారు. గట్టిగా గొడవ పడే చనువు ఇంకా రాలేదు, ఊరుకున్నాను.

మొదటి రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది కానీ ఆటోవాళ్ల నోట ఇంకా పాత పేరే. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలుకు ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో కొందరిని పంపింది కూడా అండమాన్‌కే. ఆ గదుల వరుస ముందు నిలబడితే హనీమూన్ అన్న మాట నోటికి రాదు. మావారు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు రాస్ ద్వీపంలో మర్రి వేళ్లు పట్టేసిన పాత గోడలు, మనిషిని చూసి బెదరని జింకలు. అంతే.

పేర్ల గురించి ఒక హెచ్చరిక. 2018 డిసెంబరులో హావ్‌లాక్ ద్వీపం స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్‌కు నేతాజీ పేరు పెట్టారు. ఫెర్రీ టికెట్ మీద కొత్త పేరు, హోటల్ కాగితం మీద పాత పేరు ఉంటాయి. మా అత్తయ్య ఫోనులో "స్వరాజ్ ద్వీప్ నుంచి హావ్‌లాక్‌కి ఎప్పుడు బయలుదేరుతున్నారు?" అని రెండుసార్లు అడిగారు.

మంగళవారం ఫెర్రీలో గంటన్నరలో హావ్‌లాక్ చేరాం. ఇక్కడ ఏజెంటుకు న్యాయం చేయాలి. ఫెర్రీ సీట్లు ముందు వరుసలో, కిటికీ పక్కన ఇప్పించాడు. అప్పటికి అతని మంచి పని అదొక్కటే.

హోటల్ వాకిట్లో నుంచి సముద్రం కనిపించింది, మావారు నా వైపు గెలిచినట్టు చూశారు. కుర్రవాడు మా పెట్టెలు తీసుకుని సముద్రానికి వీపు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. భోజనశాల దాటాం, వంటగది దాటాం, ఎండు కొబ్బరి మట్టల గుట్ట దాటాం. చివరి గది మాది. కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటర్. ఇది సముద్రం గది కాదు కదా అంటే కుర్రవాడు తడుముకోలేదు. "కనిపిస్తుంది మేడమ్" అని బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి, బకెట్ బోర్లించి, దానిమీద ఎక్కి వెంటిలేటర్‌లోంచి చూడమన్నాడు. ఎక్కాను. రెండు కొబ్బరి చెట్ల మధ్య బొట్టుబిళ్లంత నీలం కనిపించిన మాట నిజం.

మావారు రిసెప్షన్‌కు వెళ్లారు. వాళ్లు కాగితం చూపించారు: మా పేరు మీద తీసుకున్నదే తోట వైపు గది. హోటలువాళ్ల తప్పు లేదు. ఏజెంటుకు ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తి, "సిగ్నల్ లేదు తమ్ముడూ" అన్నాడు. ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా వినిపించింది.

ఇక పూల పాన్పు. ఆ ద్వీపంలో అన్ని పూలు దొరకవని ముందే చెబితే అర్థం చేసుకునేదాన్ని. పక్క మీద తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు, చుట్టూ ఎర్రటి ప్లాస్టిక్ గులాబీ రేకులు. రేకు వెనక అతుకు గీత కూడా కనిపిస్తోంది. మర్నాడు ఆరింటికి ఎవరో తలుపు తట్టారు. నిన్నటి కుర్రవాడే, చేతిలో సంచి. పక్క గదిలో కొత్త జంట దిగుతున్నారట, రేకులు కావాలట. నేను నిద్ర కళ్లతో మంచం కిందకి వంగి రేకులు ఏరి ఇచ్చాను. రెండు తక్కువయ్యాయన్నాడు. అప్పుడు మావారికి నవ్వు వచ్చింది. ముందు రోజు సాయంత్రం నుంచి మా మధ్య వచ్చిన మొదటి చప్పుడు అది.

ముందు రోజు సాయంత్రం ఏమైందో చెప్పలేదు కదా. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగిపోతాడు. సముద్రంలో మునగడం నేను ఎప్పుడూ చూడలేదు. రాధానగర్ బీచ్ ద్వీపానికి పడమటి వైపు ఉంది, 2004లో ఆసియాలో మేలైన బీచ్ అని టైమ్ పత్రిక మెచ్చుకున్నది. నేను ఈ యాత్రలో అడిగి పెట్టించుకున్నది ఆ ఒక్క సూర్యాస్తమయం. ఏజెంటు కాగితంలో కారు ఐదు గంటలకు అని ఉంది, కారు సరిగ్గా ఐదింటికే వచ్చింది. గడియారం మనదే అయినా అండమాన్ బాగా తూర్పున ఉంది. మార్చి మొదట్లో అక్కడ ఐదున్నరకే పొద్దు మునుగుతుంది. జెట్టీ వైపు నుంచి రాధానగర్ పన్నెండు కిలోమీటర్లు. మేము చెట్ల మధ్య నుంచి ఇసుకలోకి అడుగు పెట్టేసరికి ఆకాశం ఎర్రగా ఉంది, సూర్యుడు లేడు. జనం ఎదురు వస్తున్నారు. నేను ఏడ్చాను. ఎర్ర ఆకాశం కూడా బాగుంది కదా అన్నారు మావారు. అనకుండా ఉండవలసింది.

రేకులు అప్పగించిన ఆ ఉదయమే పెట్టెలు సర్దేశాం. కట్టిన రెండో రాత్రి డబ్బు పోతే పోయిందని అన్నది నేను కాదు, ఆయన. స్కూటరు అద్దెకు తీసుకుని (రోజుకు రూ.500, పెట్రోలు మనదే) ఐదో నంబరు బీచ్ వైపు వెళ్లాం. అక్కడ బీచ్‌లకు నంబర్లే పేర్లు. ఐదో నంబరుకు అసలు పేరు విజయనగర్. విజయనగరం వదిలి ఎంత దూరం వచ్చాం అనుకున్నాను. ఒక బెంగాలీ కుటుంబం నడిపే వెదురు గుడిసెలు కనిపించాయి. ఫ్యాను, దోమతెర, శుభ్రమైన బాత్రూమ్, గడప నుంచి ముప్పై అడుగుల్లో నీళ్లు. రూ.2,800, ఉదయం పూరీ కూరతో కలిపి. పూల పాన్పు లేదు.

ఒక సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ తూర్పు వైపు బీచ్‌లలో ఆటు వచ్చినప్పుడు నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి రాళ్లు బయటపడతాయి. అప్పుడు ఈతకు పనికిరాదు. సముద్రం ఎదుటి గదికి రెట్టింపు కట్టేవాళ్లు పోటు ఆటుల వేళలు కూడా అడగాలి. గది సంగతే సరిగ్గా చెప్పని ఏజెంటు ఆ మాట మాకెలా చెబుతాడు?

స్కూబా ఆ రోజే చేశాం. మనిషికి రూ.4,000, వీడియోతో సహా. నాకు ఈత రాదు. రాకపోయినా ఫరవాలేదు, శిక్షకుడు వెనక నుంచి పట్టుకునే ఉంటాడు. నోటితో గాలి పీల్చడం, చెవులు మూసుకుపోతే ముక్కు పట్టుకుని ఊదడం, బాగుందని చెప్పడానికి వేళ్లతో సున్నా చుట్టడం, ఈ మూడూ లోతు లేని చోట నేర్పారు. ఉబ్బసం ఉందా అని రాయించుకుని సంతకం తీసుకున్నారు, అది నాకు నచ్చింది. ఋషికొండలో కూడా ఇది ఉంది కదా అనేవాళ్లకు ఒకటే జవాబు: నీటి తేట. లోపల మావారి చెయ్యి నేను వదల్లేదు. ఆ చల్లదనంలో ఆ కోపం ఎక్కడ జారిపోయిందో తెలియదు. స్కూబా చేసిన తర్వాత ఒక రోజంతా విమానం ఎక్కకూడదు. చివరి రోజుకు పెట్టే ప్యాకేజీలున్నాయి, ఒప్పుకోకండి.

ఆ సాయంత్రం నాలుగింటికే రాధానగర్‌లో కూర్చున్నాం. సూర్యుడు ఏ తొందరా లేకుండా, అంచు నుంచి అంచు దాకా, నీళ్లలోకి దిగాడు.

నీల్ చిన్న ద్వీపం, ఒక్క రోజు సైకిలు చాలు (రూ.200). ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన చూడాలంటే నీళ్లు తగ్గిన వేళే వెళ్లాలి, కాలికి పట్టు ఉన్న చెప్పులు వేసుకోవాలి. మావారు హవాయి చెప్పులతో వచ్చి రెండుసార్లు కూర్చుండిపోయారు. ఏజెంటు ఇప్పించిన గది అక్కడ బాగానే ఉంది. అక్కడ రెండు రాత్రులు ఉండాల్సింది, పోర్ట్ బ్లెయిర్‌లో మొదట ఒక్కటి చాలు. ఫోనులో డబ్బు కట్టడం రెండు చోట్ల ఆగిపోయింది. మనిషికి ఐదారు వేలు నగదు ఉంచుకోండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి పెట్టెలో వేసుకోకండి, విమానాశ్రయంలో తీయిస్తారు. మా ముందు నిలబడ్డ ఒకాయన సంచి అలాగే ఖాళీ అయింది.

శుక్రవారం మళ్లీ పోర్ట్ బ్లెయిర్. హోటల్ భోజనం రూ.450, పప్పులో చక్కెర. విసుగెత్తి ఆటో ఆయన్ని మీరెక్కడ తింటారని అడిగితే జంగ్లీఘాట్ తీసుకెళ్లాడు. చేపల రేవు ఉన్న పేట. సన్నటి సందులో నాలుగు బల్లల మెస్సు, లోపల రేడియోలా వినిపించే తెలుగు. వండే ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు తీరం నుంచి వలలతో వచ్చినవాళ్లు. ఆవిడ అక్కడే పుట్టారు. "విశాఖపట్నమా తల్లీ? కూర్చోండి, ఇంకొంచెం ఉడకాలి" అన్నారు. వంజరం పులుసు, వేడన్నం, ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరపకాయ. చింతపండు పులుపు మా అమ్మమ్మ చేతిది. మావారు మూడోసారి అన్నం పెట్టించుకున్నారు. ఇద్దరికీ రూ.360.

పెట్టెలో మా అత్తయ్య పెట్టిన మాడుగుల హల్వా డబ్బా విప్పకుండానే ఉంది. కొత్త దంపతులకు అది ఎందుకు ఇస్తారో మా వైపు అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. డబ్బా చేతిలో పెడితే మా ఇద్దర్నీ ఒకసారి చూసి, సగం తీసుకుని, సగం తిరిగి ఇచ్చేశారు. "మీకూ ఉంచుకోండి" అన్నారు. మావారి చెవులు ఎర్రబడ్డాయి.

తిరిగి వచ్చిన మూడో రోజు ద్వారకానగర్ వెళ్లాం. ఏజెంటు టీ తెప్పించాడు. గోడ మీది బోర్డు ఫోటో, హోటల్ కాగితం, ప్లాస్టిక్ రేకుల ఫోటో బల్ల మీద పరిచాను. "సీజన్‌లో ఇలా జరుగుతుంది చెల్లెమ్మా" అన్నాడు. నేను కూడిక చదివాను. గంట తర్వాత రూ.4,000 నగదు లెక్కపెట్టి ఇచ్చి, మిగిలింది లక్షద్వీప్ ప్యాకేజీలో సర్దుతానన్నాడు. మావారు టీ కప్పు దించి, "మాకు లక్షద్వీప్ వద్దు అన్నా, రూ.3,700 కావాలి" అన్నారు.

అది ఇంకా రాలేదు. నా పుస్తకంలో రావలసినవాటి కింద రాసి ఉంది. సోమవారం సోమవారం ఫోన్ చేస్తున్నది మాత్రం మావారే.