కాస్ట్రప్ ఎయిర్‌పోర్ట్‌లో గసగసాల టిఫిన్

కోపెన్‌హాగన్ కాస్ట్రప్ ఎయిర్‌పోర్ట్ నుంచి పొద్దున్నే ఫ్లైట్ ఉంటే, విమానంలో ఇచ్చేదాని కోసం ఆగకుండా టెర్మినల్‌లో ఏదైనా డేనిష్ బేకరీకి వెళ్లండి. నేను టేబిర్కెస్ అనే గసగసాల పేస్ట్రీ తీసుకున్నాను. పైన గసగసాలు ఎంత దట్టంగా అద్దారంటే కింద పిండి కనిపించదు, కొరికితే పొరలు పొరలుగా విరిగి చొక్కా మీదంతా రాలుతుంది, లోపల వెన్న, చక్కెర కలిపిన ముద్ద కరిగి అడుగున పాకంలా గట్టిపడి ఉంటుంది. ఆ అడుగు ముక్క కోసమే ఇంకోటి కొన్నాను! మనం డేనిష్ పేస్ట్రీ అంటాం గానీ అక్కడ ఈ రకాన్ని వీనర్‌బ్రోడ్, అంటే వియన్నా రొట్టె అంటారు. 1850లో డెన్మార్క్‌లో బేకరీ కార్మికులు సమ్మె చేసినప్పుడు, వియన్నా రాజధానిగా ఉన్న ఆస్ట్రియా నుంచి వచ్చిన పనివాళ్లు తెచ్చిన పద్ధతని చెబుతారు. పిండిలో మామూలుగా గుడ్డు వేస్తారు, తిననివాళ్లు ముందే అడగండి. తీపి వద్దంటే బన్నులో వెన్న, చీజ్ పెట్టినది ఉంటుంది, అది కడుపు నింపుతుంది. కాఫీ మాత్రం గోరువెచ్చగా ఇచ్చారు, ఆ ధరకి అది అన్యాయం. కూర్చోడానికి చోటు లేక గేటు దగ్గరే తిన్నాను. దాల్చినచెక్క చుట్టలు రెండు కట్టించుకున్నా, హైదరాబాద్ చేరేసరికి మెత్తబడ్డాయి, పెనం మీద సన్నసెగన వేడిచేస్తే అంచులు మళ్లీ కరకరలాడాయి.